ఆలయం నుండి గృహానికి: 5వ శతాబ్ది ఏథెన్సులో ప్రాచీన మతజీవనం

గ్రీకు, రోమన్ దేవతలను కొలిచినవారిని 'పేగన్లు' అనడం పరిపాటి. అది వారు పెట్టుకున్న పేరు కాదు. క్రైస్తవులు వారికి పెట్టిన పేరు. దానిని 'అన్యమతస్థులు' అని తెనిగిస్తే, ఎవరికి అన్యులన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. అందుచేత ఇక్కడ 'ప్రాచీన మతం' అనే మాటనే వాడుతున్నాను. రాజశాసనాలతో ఆ మతం అంతరించిందన్న అభిప్రాయాన్ని 5వ శతాబ్ది ఏథెన్సు ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఏథెన్సులో ప్రాచీన మతం పౌరజీవనంలో భాగం. పానథెనైయా ఉత్సవంలో ఊరేగింపు అక్రోపొలిస్ కొండకు చేరేది. ఎథీనాదేవికి బలి ఇచ్చిన పశువుల మాంసాన్ని పౌరులకు పంచేవారు. థియొడోసియస్ చక్రవర్తి 391లో బలులను, ఆలయ ప్రవేశాన్ని నిషేధించాడు. 392 నాటి శాసనం ఇంటి దేవతలకు దీపధూపాలు సమర్పించడాన్ని సైతం నేరంగా ప్రకటించింది. అయినా ఏథెన్సులో ఆరాధన ఆగలేదు. అది ఎక్కడ, ఏ రూపంలో కొనసాగిందన్నది పరిశీలించాలి.

ఇందుకు ముఖ్యాధారం మారినస్ రచించిన ప్రొక్లస్ జీవితచరిత్ర. ప్రొక్లస్ (మరణం 485) ఏథెన్సులోని ప్లేటో తత్త్వ పాఠశాలకు అధిపతి. మారినస్ ఆయన శిష్యుడు, వారసుడు. గురువు దినానికి మూడువేళలా సూర్యునికి మొక్కేవాడనీ, తత్త్వవేత్త ఒక్క నగరానికే కాక లోకమంతటికీ పురోహితుడు కావాలనేవాడనీ మారినస్ చెప్తాడు. శిష్యుడు గురువును కీర్తించిన గ్రంథం కనుక అందలి మహిమలను చారిత్రక సత్యాలుగా గ్రహించలేం. కాని ఆరాధన జరిగిన తీరును తెలిపే వివరాలు విలువైనవి.

అస్క్లేపిగెనీయా అనే బాలికకు జబ్బుచేసి వైద్యులు చేతులెత్తేయగా, ప్రొక్లస్ సమీపంలోని అస్క్లేపియస్ ఆలయంలో ప్రాచీన పద్ధతిలో ప్రార్థించాడనీ, ఆమె కోలుకున్నదనీ కథనం. ఆ ఆలయం అప్పటికింకా ధ్వంసం కాలేదని మారినస్ ప్రత్యేకంగా పేర్కొనడం గమనార్హం. ఆ కార్యం పలువురి కంటపడకుండా జరిగిందనీ, ఇల్లు ఆలయానికి పొరుగునే ఉండడం అందుకు తోడ్పడిందనీ ఆయన చెప్తాడు. పార్థెనాన్ నుండి ఎథీనా విగ్రహాన్ని తొలగించినప్పుడు ఒక సుందరి ప్రొక్లస్ కలలో కనిపించి, దేవి ఆయన ఇంట ఉండగోరుతున్నదనీ, ఇల్లు సిద్ధపరచమనీ చెప్పిందట. ఆలయం కోల్పోయిన దేవతకు గృహమే ఆలయమన్న భావన ఈ స్వప్నవృత్తాంతంలో వ్యక్తమవుతున్నది.

1955లో అక్రోపొలిస్ దక్షిణపు వాలు దిగువన బయల్పడిన ఒక పెద్ద ఇంటిలో దేవతాశిల్పంతో కూడిన చిన్న పూజాస్థలం, బలి ఇచ్చిన పందిపిల్ల అవశేషాలు లభించాయి. అది ప్రొక్లస్ ఇల్లేనన్న వాదం నిర్ధారణ కాలేదు. ఎవరిదైనా, గృహారాధనకు అది భౌతిక సాక్ష్యం.

529లో జస్టీనియన్ ఏథెన్సులో తత్త్వబోధను నిషేధించాడు. డమాస్కియస్ మొదలైన ఏడుగురు తత్త్వవేత్తలు పారశీక రాజు ఖుస్రో ఆశ్రయానికి వెళ్లారని అగాథియస్ రాశాడు. 392 శాసనం కంటె 529 నిషేధం తీవ్రంగా తగలడానికి కారణం సులభగ్రాహ్యం: అప్పటికి ఆ మతం గురుశిష్య పరంపరనే ఆశ్రయించి ఉన్నది. గృహం ఆరాధనను కాపాడింది. కాని ఊరేగింపును, సామూహిక విందును కాపాడలేకపోయింది. కనుక 5వ శతాబ్దిలో అంతరించినది ప్రాచీన మతం కాదు, దానికి నగరంతో ఉన్న సంబంధం అని చెప్పడం సమంజసం.