మాల్టా ప్రజల భాష

మధ్యధరా సముద్రంలో, సిసిలీకి దక్షిణాన ఉన్న మాల్టా పేరెత్తగానే చరిత్రకారులు సెయింట్ జాన్ యోధుల కోటలను వర్ణిస్తారు. 1530 నుండి 1798 వరకు ఆ ద్వీపాన్ని ఏలి, వలెట్టా నగరాన్ని కట్టించినవారు వారే. కాని ఆ కోటలకు రాళ్లెత్తిన జనం మాట్లాడిన భాష మాటేమిటి?

అరబ్బీ నుండి పుట్టి, సిసిలీ, ఇటలీ పదాలను కలుపుకొన్న మాల్టీసు భాష అది. న్యాయస్థానాలలోను, విద్యావంతులలోను పెత్తనం ఇటాలియనుది. మాల్టీసు పామరుల భాషగా మిగిలింది. 1796లో దానికి నిఘంటువు కూర్చిన వసల్లి, మరుసటి ఏడే ఆ ప్రభువులపై కుట్రలో పాల్గొని ఖైదయ్యాడు. భాషోద్ధరణ, ప్రజావిముక్తి ఆయనకు వేరువేరు కావు.

తరువాత బ్రిటిషువారు వచ్చారు. 1919 జూన్ 7న, రొట్టె ధర భరించలేక వీధులకెక్కిన జనంపై వారి సైన్యం కాల్పులు జరిపింది. ఆ కల్లోలంలో నలుగురు ప్రాణాలు కోల్పోయారు. 1934లో మాల్టీసు అధికారభాష అయింది. ఇది కేవలం పాలకుల ఔదార్యం కాదు. ముస్సోలినీ ఇటలీ పలుకుబడిని అడ్డుకోవడం వారికప్పుడు అవసరం. అయితే ఆ అవసరం తీర్చడానికైనా, జనం శతాబ్దాలుగా నిలుపుకొన్న భాష అక్కడ ఉండాలి గదా!

1964లో మాల్టా స్వతంత్రమైంది. 2004 నుండి యూరోపియన్ యూనియన్ అధికారభాషలలో మాల్టీసు ఒకటి. కోటలు ప్రభువుల పేర చెలామణి అవుతున్నాయి. భాష మాత్రం రైతులది, కూలీలది.