జార్జియన్ రంగస్థలానికి షేక్స్పియర్‌ను తెచ్చిన ఇవానె మచాబెలి

కాకసస్ పర్వతాలకు దక్షిణంగా, నల్లసముద్ర తీరాన ఉన్న చిన్న దేశం జార్జియా. జార్జియన్ భాషకు సొంత లిపి ఉంది. 12వ శతాబ్దంలోనే రుస్తవేలి రచించిన మహాకావ్యం ఉంది. అయితే 1801 నుంచి ఈ దేశం క్రమంగా రష్యా సామ్రాజ్యంలో కలిసిపోయింది. కచేరీల భాష రష్యన్ అయింది. 1880ల నాటికి పాఠశాలల్లోనూ జార్జియన్ బోధన బాగా కుదించుకుపోయింది. ఇల్లు, గుడి, పత్రిక, నాటకశాల మాత్రమే ఆ భాషకు మిగిలిన చోట్లు. ఆ నాటకశాలకు షేక్స్పియర్ విషాద నాటకాలను అందించినవాడు ఇవానె మచాబెలి.

మచాబెలి 1854లో త్‌స్ఖిన్‌వాలి పట్టణం దగ్గరి తమరషేని గ్రామంలో ఒక కులీన కుటుంబంలో జన్మించాడు. సెంట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ప్రకృతి శాస్త్రాలు చదివాడు. తర్వాత జర్మనీలో వ్యవసాయ శాస్త్రం అభ్యసించి, ఫ్రాన్సులోనూ కొంతకాలం చదువుకున్నాడు. సాహిత్యం ఇతని వృత్తి కాదు; జీవితాంతం దాన్ని ఇతర పనుల నడుమనే సాగించాడు. ఈ సంగతి మనం గుర్తుంచుకోవాలి.

ఇతని అనువాద జీవితం 1873లో పీటర్స్‌బర్గ్‌లోనే మొదలైంది. జార్జియన్ జాతీయ చైతన్యానికి నాయకుడైన కవి ఇలియా చావ్‌చావాద్జె ఆ రోజుల్లో ఒక బ్యాంకు స్థాపనకు అనుమతి కోసం ఆ నగరానికి వచ్చాడు. పందొమ్మిదేళ్ల విద్యార్థి మచాబెలి, అతనికంటె పదిహేడేళ్లు పెద్దవాడైన ఆ కవి కలిసి ‘కింగ్ లియర్’ను అనువదించడానికి పూనుకున్నారు. అది 1877లో అచ్చయింది. అంతకుముందు షేక్స్పియర్ అనువాదాలు జార్జియన్‌లో లేకపోలేదు. 1841లోనే దిమిత్రి కిపియానీ ‘రోమియో అండ్ జూలియట్’ను అనువదించాడు. కాని రంగస్థలంపై నటులు ధారాళంగా పలకగల ఛందోబద్ధమైన షేక్స్పియర్ మచాబెలితోనే స్థిరపడింది.

ఇక్కడ ఛందస్సు సమస్యను కొంత వివరించవలసి ఉంది. షేక్స్పియర్ నాటకాలలో ఎక్కువ భాగం అంత్యప్రాస లేని పాదాలలో నడుస్తుంది. ఒక్కొక్క పాదానికి సాధారణంగా పది అక్షరాలు. ఇంగ్లీషులో మాటలు పొట్టివి. పది అక్షరాలలో చాలా మాటలు ఇముడుతాయి. జార్జియన్‌కు మన ద్రావిడ భాషలతో చుట్టరికం లేదు. అయినా తెలుగులో వలెనే అక్కడా ప్రత్యయాలు చేరి మాటలు పొడవవుతాయి. పది అక్షరాల పాదం పెట్టుకుంటే అర్థమైనా జారిపోవాలి, పాదాల సంఖ్య అయినా పెరిగిపోవాలి. మచాబెలి ఎన్నుకున్నది జార్జియన్ కవిత్వానికి పరిచితమైన పద్నాలుగు అక్షరాల పాదం. అంత్యప్రాసను మాత్రం విడిచిపెట్టాడు. ఈ విధంగా అతడు పరాయి ఛందస్సును అరువు తెచ్చుకోకుండా, దేశి నడకను నాటక సంభాషణకు అనువుగా సడలించాడు.

ఆ దశకంలోనే ఇదే చిక్కు తెలుగువారికీ ఎదురైంది. వావిలాల వాసుదేవశాస్త్రి ‘జూలియస్ సీజర్’ను ‘సీజరు చరిత్రము’గా తెనిగించినప్పుడు తేటగీతిని ఆశ్రయించాడు. తేటగీతికి ప్రాస నియమం లేదన్నది మన విద్యార్థులకు తెలిసినదే. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు అనువాదకులు, రెండు దూరదేశాలలో, తమ తమ భాషలలోని కట్టుబాటు తక్కువైన దేశి పద్యాన్నే ఎంచుకోవడం గమనించదగినది.

జార్జియన్ నాటకశాల చరిత్ర ఒడిదుడుకులతో కూడినది. గియోర్గి ఎరిస్తావి 1850లో నెలకొల్పిన నాటకసంస్థ 1856లో మూతపడింది. 1879లో గాని శాశ్వతమైన నటబృందం తిరిగి ఏర్పడలేదు. ఆ బృందానికి మంచి నాటకాలు కావాలి. మచాబెలి 1886లో ‘హామ్లెట్’, 1888లో ‘ఒథెల్లో’, 1892లో ‘మాక్‌బెత్’, 1893లో ‘మూడవ రిచర్డ్’, 1896లో ‘జూలియస్ సీజర్’, 1898లో ‘ఆంటొనీ అండ్ క్లియోపాత్రా’ వెలువరించాడు. ‘కొరియొలేనస్’ కూడా ఇతని అనువాదమే. హామ్లెట్ పాత్రధారణతో లాదో మెస్ఖిష్విలి అనే నటుడు గొప్ప పేరు గడించాడు. నాటకశాలలో కూర్చున్న ప్రేక్షకునికి తన భాష ఎంతటి భావాన్నైనా మోయగలదని తెలిసివచ్చింది. కచేరీలో చోటులేని భాషకు ఈ ధీమా చిన్న విషయం కాదు.

ఇదంతా చేస్తూనే మచాబెలి టిఫ్లిస్ (నేటి టిబిలిసి) నగరంలోని కులీనుల భూమి బ్యాంకులో పనిచేశాడు. ‘ద్రోయెబా’ పత్రికకు సంపాదకత్వం వహించాడు. ఆ పత్రికను 1885లో ప్రభుత్వం మూసివేసింది. బ్యాంకు వ్యవహారాలలో చావ్‌చావాద్జెకూ ఇతనికీ అభిప్రాయభేదాలు తలెత్తి, ముదిరి, సమాజం రెండు పక్షాలుగా చీలేదాకా వెళ్లాయి. ఒకే బల్ల దగ్గర కూర్చుని ‘లియర్’ను అనువదించిన ఇద్దరూ ప్రత్యర్థులైనారు. తరువాతి నాటకాలన్నిటినీ మచాబెలి ఒంటరిగానే అనువదించాడు.

1898 జూన్ 26న (పాత పంచాంగం ప్రకారం) మచాబెలి టిఫ్లిస్‌లోని తన ఇంటి నుంచి బయటికి వెళ్లి మరి తిరిగి రాలేదు. ఎంత వెదికినా జాడ దొరకలేదు. హత్య అన్నవారున్నారు, ఆత్మహత్య అన్నవారున్నారు. దేనికీ రుజువు లేదు. అప్పటికి వయసు నలభై నాలుగేళ్లు. పుట్టిన ఊరు తమరషేని 2008 ఆగస్టు యుద్ధంలో తగలబడి నేలమట్టమైంది. టిబిలిసిలో ఒక వీధికి ఇతని పేరు ఉంది. జార్జియా రచయితల భవనం ఆ వీధిలోనే ఉంది.

‘హామ్లెట్’ జార్జియన్‌లో వెలువడిన మరుసటి ఏడు, 1887లో, బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యుల ‘చిత్రనళీయం’ ప్రదర్శితమైంది. ఈ రెంటికీ పరస్పర సంబంధం లేదు. అయితే నేడు కర్ణాటకలో ఉన్న ఆ ఊరు నాడు తెలుగు నాటకానికి ముఖ్యకేంద్రమని గుర్తు చేసుకోవడం మనకు అవసరం. తెలుగు కచేరీ భాష కాని చోట చదువుతున్న మన విద్యార్థులు మచాబెలి నుంచి గ్రహించవలసినది ఒకటుంది. బ్యాంకు ఉద్యోగం, పత్రిక, తగాదాలు – వీటి నడుమ దొరికిన తీరికలోనే అతడు ఎనిమిది నాటకాలను తన భాషలోకి తెచ్చాడు. మనలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో తెలుగుతో సమానంగా వచ్చినవారు చాలామంది ఉన్నారు. ఆ భాషల నాటకాలలో తెలుగులోకి రావలసినవి ఇంకా ఉన్నాయి.