హోమ్స్ అధ్యయనం

హైదరాబాద్ ప్రాంతంలోని 41 వృద్ధాశ్రమాల్లో, అరవై ఏళ్లు దాటినవారి కంటిచూపుపై ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ జరిపిన పరిశోధన. సారథి శ్రీనివాస్ మర్మముల. పరికరాలను ఆశ్రమాలకే తీసుకెళ్లి దూరపు చూపు, దగ్గరి చూపు, కంటి ఒత్తిడి పరీక్షించారు. కెమెరాతో రెటీనా ఫొటోలు తీశారు. వినికిడి గురించి, మనసులోని దిగులు గురించి, నడుస్తూ పడిపోతామన్న భయం గురించి కూడా అడిగారు. పరీక్షించిన 1,182 మందిలో దాదాపు 30 శాతం మందికి చూపు మందగించింది. మొదటి కారణం శుక్లాలు, తర్వాతిది సరైన కళ్లజోడు లేకపోవడం. రెండూ సరిచేయగలిగినవే కాబట్టి ఈ అంకె మరీ బాధిస్తుంది.

ఇళ్లలోనే ఉండే పెద్దలు ఈ లెక్కలోకి రారు. ఉదాహరణకు, మచిలీపట్నం పక్కన గిలకలదిండి రేవులో చిరిగిన వల బాగుచేసే తాతకు దగ్గరి చూపే కూడు పెడుతుంది. అలాంటివారు చూపించుకోవడానికి, కృష్ణా డెల్టాకు దగ్గర్లో ఎల్.వి.ప్రసాద్ సంస్థ ఆస్పత్రి విజయవాడ శివారు తాడిగడపలో ఉంది.