శాస్త్రీయ గిటార్ ఉత్సవాలు, పోటీలు

శాస్త్రీయ గిటార్‌కు ఆరు తీగలుంటాయి. సన్నని మూడు తీగలు నైలాన్‌వి, లావుపాటి మూడు తీగలు నైలాన్ పోగుల మీద లోహపు తీగ చుట్టినవి. వాద్యకారులు పిక్ వాడకుండా కుడిచేతి వేలిగోళ్లతోనే వీటిని మీటుతారు. ఈ వాద్యం కోసం జరిగే అంతర్జాతీయ ఉత్సవాల్లో కొద్ది రోజుల పాటు ఒకే ఊళ్లో కచేరీలు, గురువుల పాఠాలు, వాద్యాల తయారీదారుల ప్రదర్శనలు, యువ కళాకారుల పోటీలు ఉంటాయి. పియానో, వయొలిన్‌లకు సంగీత కళాశాలలు, పెద్ద వేదికలు మొదటినుంచీ అండగా ఉన్నాయి. గిటార్‌కు చాలాకాలం ఆ అండ లేదు. దాన్ని కచేరీ వేదిక మీద నిలబెట్టడంలో ఈ ఉత్సవాలది, పోటీలది గొప్ప పాత్ర.

బ్రస్సెల్స్ పోటీ (1856)

గిటార్ కోసం జరిగిన తొలి అంతర్జాతీయ పోటీల్లో ప్రసిద్ధమైనది 1856లో బ్రస్సెల్స్‌లో జరిగింది. దాన్ని తలపెట్టినది నికొలాయ్ మకరోవ్ అనే రష్యన్ జమీందారు. రష్యన్-ఫ్రెంచి నిఘంటువు కూర్చిన పండితుడాయన, గిటార్ అంటే ప్రాణం పెట్టేవాడు. ఐరోపాలో గిటార్‌కు ఆదరణ తగ్గిపోవడం చూసి, సొంత డబ్బుతో బహుమతులు ప్రకటించాడు. ఈ పోటీ వాద్యకారులకు కాదు. కొత్త రచనలు చేసిన స్వరకర్తలకూ, మంచి గిటార్లు చేసిన పనివాళ్లకూ పెట్టినది. స్వరరచనలో మొదటి బహుమతి వియన్నాలో స్థిరపడిన యోహాన్ కాస్పర్ మెర్ట్జ్‌కు, రెండోది ఫ్రాన్సుకు చెందిన నపోలియన్ కోస్ట్‌కు దక్కాయి. ఫలితం తెలిసేనాటికి మెర్ట్జ్ లేడు. ఆ ఏడాది అక్టోబరులోనే కన్నుమూశాడు. వాద్య నిర్మాణంలో వియన్నాకు చెందిన షెర్ట్సర్ మొదటి స్థానంలో నిలిచాడు. వాద్యం బతకాలంటే వాయించేవాడితో పాటు రాసేవాడూ, చేసేవాడూ ఉండాలన్న మకరోవ్ ఆలోచన దూరదృష్టి గలది. నేటి ఉత్సవాల్లో రచనల పోటీలకూ, తయారీదారుల ప్రదర్శనలకూ చోటు దొరకడం అదే బాటలో సాగుతున్న పని.

ఆ తర్వాత దాదాపు వందేళ్ల పాటు ఆ స్థాయి పోటీలు అరుదు. అయితే ఈ కాలంలోనే స్పెయిన్‌లో ఆంటోనియో దె టోర్రెస్ (1817–1892) గిటార్ ఒళ్లు పెంచి, పైచెక్క లోపల విసనకర్ర ఆకారంలో బద్దలు అమర్చి, నేటి వాద్యానికి రూపమిచ్చాడు. ఫ్రాన్సిస్కో టారెగా (1852–1909) ఆ వాద్యానికి తగిన వాయించే పద్ధతిని, శిష్య పరంపరను ఏర్పరిచాడు.

సెగోవియా కాలం

ఆండ్రెస్ సెగోవియా (1893–1987) స్పెయిన్‌లోని లినారెస్‌లో పుట్టాడు. 1924లో పారిస్‌లోనూ 1928లో న్యూయార్క్‌లోనూ కచేరీలు చేసి, గిటార్ ఒక్కటే నిండు సభను కట్టిపడేయగలదని నిరూపించాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పేగు తీగలకు కరువొచ్చింది. అప్పుడు న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ అగస్టీన్ నైలాన్ తీగలు తయారు చేయగా, సెగోవియా వాటిని వాడి ప్రచారంలోకి తెచ్చాడు. స్పెయిన్‌లోని సాంటియాగో దె కాంపోస్తెలాలో 1958లో మొదలైన ఆయన వేసవి పాఠాలకు అనేక దేశాల విద్యార్థులు వచ్చేవారు. అందరి ముందు ఒక్కొక్కరు వాయించడం, గురువు అక్కడికక్కడే దిద్దడం అక్కడి పద్ధతి. ఉత్సవాల్లో నేటికీ పాఠాలు ఇలాగే సాగుతాయి.

పోటీల విస్తరణ

1950ల చివర రేడియో నిర్వాహకుడు రాబర్ట్ విదాల్ చొరవతో పారిస్ రేడియో పోటీ మొదలైంది. టారెగా పేరిట స్పెయిన్‌లోని బెనికాసిమ్‌లో 1967 నుంచి, ఇటలీలోని అలెశాండ్రియాలో 1968 నుంచి పోటీలు జరుగుతున్నాయి. 1977లో జపాన్‌కు చెందిన కజుహితో యమషితా పదహారేళ్ల వయసులో సాంటియాగో, అలెశాండ్రియా, పారిస్ మూడు చోట్లా మొదటి బహుమతి గెలిచాడు. గిటార్ ఐరోపా సొత్తు మాత్రమే కాదని ప్రపంచం ఒప్పుకున్న ఘట్టమది. 1973లో ఏర్పడిన అమెరికా గిటార్ ఫౌండేషన్ 1982 నుంచి తన పోటీ నిర్వహిస్తోంది. విజేతకు నగదుతో పాటు కచేరీల పర్యటన, ఆల్బమ్ రికార్డింగ్ అవకాశం ఇవ్వడం దీని ప్రత్యేకత. 2014లో ఈ బహుమతి థాయిలాండ్ కళాకారుడు ఎకచాయ్ జియరకుల్‌కు దక్కింది. జర్మనీలోని కోబ్లెంజ్ ఉత్సవం 1993లో మొదలైంది.

పోటీ తీరు

సాధారణంగా రెండు మూడు అంచెలుంటాయి. తొలి అంచెలో నిర్వాహకులు నిర్ణయించిన రచనను అందరూ వాయించాలి. తర్వాతి అంచెల్లో వేర్వేరు కాలాల రచనలతో అభ్యర్థి సొంత కార్యక్రమం ఇస్తాడు. కొన్నిచోట్ల తుది అంచెలో ఆర్కెస్ట్రాతో కలిసి వాయించాలి. 1940లో బార్సిలోనాలో తొలిసారి వినిపించిన రోద్రిగో రచన 'అరన్‌హుయెస్ కన్సర్టో'ను అందుకు తరచుగా ఎంచుకుంటారు. అభ్యర్థులు వేదికెక్కే ముందు సన్నని గరుకు కాగితంతో గోళ్ల అంచులు నున్నగా రుద్దుకుంటారు, ఎడమ పాదం కింద చిన్న పీట వేసుకుంటారు. హాలులో వేడికీ తేమకూ నైలాన్ తీగల శ్రుతి కదులుతుంది కాబట్టి రచనకూ రచనకూ మధ్య శ్రుతి సరిచూసుకోవడం తప్పదు.

భారతదేశం, తెలుగునేల

మన దేశంలో ఈ తరహా అంతర్జాతీయ ఉత్సవానికీ పోటీకీ కోల్‌కతా పేరుపొందింది. గిటార్‌ను మన సంగీతానికి మలచిన వాళ్లలో హిందుస్తానీ బాణీలో బ్రిజ్ భూషణ్ కాబ్రా, విశ్వమోహన్ భట్, కర్ణాటక బాణీలో సుకుమార్ ప్రసాద్, ఆర్. ప్రసన్న ముఖ్యులు.

తెలుగువారికి గిటార్ ఎక్కువగా సినిమా పాటల ద్వారానే చేరువైంది. మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చిన ఇళయరాజా, లండన్ ట్రినిటీ కళాశాల శాస్త్రీయ గిటార్ పరీక్షలో బంగారు పతకం పొందారు. హైదరాబాదులో పిల్లలు నేటికీ ఆ కళాశాల గ్రేడు పరీక్షలు రాస్తున్నారు.

తెలుగునేల మీద పాశ్చాత్య తీగ వాద్యానికి శాస్త్రీయ గౌరవం తెచ్చిన ఘనత మాండలిన్ శ్రీనివాస్‌ది (1969–2014). పాలకొల్లులో పుట్టిన ఈయనకు పాశ్చాత్య సంగీతాన్ని పరిచయం చేసినది గిటారిస్టు వాసూరావు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన కీర్తన పాడితే, శిష్యుడు దాన్ని తీగల మీద వెతికి పట్టుకునేవాడు. గమకం పలకడానికి అనువుగా జంట తీగల మాండలిన్ బదులు ఒంటి తీగల విద్యుత్ వాద్యాన్ని ఎంచుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవంలో తొలి కచేరీ చేశాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. 1998లో పద్మశ్రీ అందుకున్నాడు.

గుడివాడ శ్రోతలు తొమ్మిదేళ్ల పిల్లవాడి చేతిలోని కొత్త వాద్యాన్ని ఆదరించారు. గిటార్‌కు అటువంటి వేదికలు ఐరోపాలో తరతరాలుగా ఏర్పడుతూ వచ్చాయి. తెలుగు ఊళ్లలో త్యాగరాజ ఉత్సవాల సంప్రదాయం బలంగా ఉంది. గ్రేడు పరీక్షలు పూర్తిచేసిన పిల్లలకు పరీక్ష గది దాటి శ్రోతల ముందు కూర్చునే అవకాశం ఇవ్వడానికి ఆ సంప్రదాయమే మంచి ఆధారం.