అవ్వ, బాపు: కొడిమ్యాల ప్రాంతపు కన్నవారి పిలుపులు

తెలంగాణలోని కొడిమ్యాల చుట్టుపక్కల, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో కన్నతల్లి ‘అవ్వ’, తండ్రి ‘బాపు’. కోస్తాలో, రాయలసీమలో అవ్వ అంటే తల్లికి తల్లో, తండ్రికి తల్లో, కాదంటే ముసలామె. ఈ రెండర్థాల్లో ఏది పాతది?

ముందు వాడుక చూద్దాం. ఇక్కడ తల్లి అక్కచెల్లెళ్లు పెద్దవ్వ, చిన్నవ్వ. ఆడబిడ్డ పుట్టిల్లు అవ్వగారిల్లు. ఈ మాటల్లో వయసు పైబడిన జాడ లేదు. మల్లవ్వ, లచ్చవ్వ, రాజవ్వ అనే పేర్లలోనూ ‘అవ్వ’ది ఇతర ప్రాంతాల్లో ‘అమ్మ’కున్న స్థానమే.

కన్నడంలో అవ్వ తల్లి. నీలగిరుల్లోని కోత భాషలో ‘అవ్’ తల్లి. తమిళ ‘అవ్వై’కి తల్లి, ముసలామె రెండర్థాలూ ఉన్నాయి. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, సవరించిన కూర్పు 1984) వీటిని ఒకే కుదురు కింద చేర్చింది. ఇంత దూరదూరపు భాషల్లో నిలిచిన తల్లి అర్థం తెలంగాణలో కొత్తగా పుట్టిందనడం కష్టం. పిలుపు పై తరానికి జరగడం అసాధారణమూ కాదు: సంస్కృతంలో ‘తాత’ తండ్రి, తెలుగులో తల్లికో తండ్రికో తండ్రి.

కొడిమ్యాలకు దగ్గర్లోని కురిక్యాల బొమ్మలగుట్ట మీద, 10వ శతాబ్దంలో కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో చెక్కించిన శాసనం ఉంది. అందులో అతని తల్లి అబ్బణబ్బె. పాత కన్నడంలో ‘అబ్బె’ తల్లి. అయితే ఆమెది కన్నడసీమలోని అణ్ణిగేరి. కాబట్టి తల్లిని తెలిపే మాట స్త్రీల పేర్ల చివర గౌరవంగా చేరేదనడానికే ఇది సాక్ష్యం. నాటి స్థానిక తెలుగు వాడుకకు కాదు.

‘బాపు’ దారి వేరు. ప్రాకృతంలో ‘బప్ప’, హిందీలో ‘బాప్’, మరాఠీలో ‘బాప్’, ‘బాపు’ ఉన్నాయి. 1956 దాకా తెలుగు, మరాఠీ జిల్లాలు ఒకే హైదరాబాద్ రాజ్యంలో ఉన్నాయి గనుక మరాఠీ నుంచి వచ్చే వీలుంది. పెద్దబాపు, బాపమ్మ లాంటి మాటలు పుట్టేంతగా అది ఇక్కడ వేళ్లూనింది. కానీ పసిపిల్లల నోట తేలిగ్గా పలికే ప, బ, మ ధ్వనులతో, ఒకదానితో ఒకటి సంబంధం లేని భాషల్లోనూ ఇలాంటి పిలుపులు పుడతాయని భాషావేత్త రోమన్ యాకబ్సన్ 1960లో వివరించాడు. పోలిక ఒక్కటే రుజువు కాదు.

తేలేదింత: ‘అవ్వ’కు తల్లి అర్థం పాతదనడానికి ఆధారం గట్టిది, ‘బాపు’ మరాఠీ నుంచి వచ్చిందన్నది బలమైన ఊహ. నిఘంటువులు ‘అవ్వ’కు తల్లి అర్థాన్ని ప్రాంతం పేరుతో సహా, మిగతా అర్థాలతో సమానంగా ఇవ్వాలి. బడిలో ‘మా అవ్వ’ అని రాసిన పిల్లల మాటను తప్పని దిద్దకూడదు.