ట్యూబు నొక్కుడు పురాణం

మా ఆవిడ టూత్‌పేస్టు ట్యూబుని మధ్యలో నొక్కుతుంది. నేను కింద నుంచి చుట్టుకొస్తాను. పెళ్ళైన కొత్తలో దీని మీద రెండు రోజులు మాటల్లేవు. నవ్వకండి, మీ ఇంట్లోనూ ఇలాంటిదొకటి ఉండే ఉంటుంది!

అసలు మన తాతల కాలంలో ఈ గొడవే లేదు. ఎవరి వేపపుల్ల వాళ్ళదే. ఇద్దరూ కలిసి నొక్కే ట్యూబు వచ్చాకే తంటా. ఆ ట్యూబు పుట్టింది పళ్ళ కోసం కాదు, బొమ్మల కోసం. జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు రంగులు ఎండిపోకుండా ఉండాలని తగరపు ట్యూబు కనిపెట్టి 1841లో పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు రంగుల్ని పంది మూత్రాశయపు సంచుల్లో దాచేవారు. 1896లో కోల్గేట్ తన పేస్టుని అలాంటి ట్యూబులోనే అమ్మింది.

లోహపు ట్యూబు ఒకసారి నొక్కితే అలాగే ఉండిపోతుంది. మధ్యలో నొక్కితే మడతపడి, చిట్లి, పేస్టు పక్కనుంచి కారుతుంది. అందుకే మా నాన్నగారు కింద నుంచి చుట్టేవారు, ఆఖర్న తలుపు సందులో పెట్టి మరీ లాగేవారు. అప్పటికది సబబే. రెండో ప్రపంచయుద్ధంలో (1939-45) తగరానికి కరువొచ్చి చూపు ప్లాస్టిక్ వైపు మళ్ళింది. ఇప్పటి ట్యూబు ఎక్కడ నొక్కినా చిట్లదు, మళ్ళీ ఉబ్బుతుంది.

అంటే నేను క్రమశిక్షణ అనుకుని దెబ్బలాడింది, ఎప్పుడో తీసేసిన హార్డ్‌వేర్ కోసం రాసిన పాత కోడు గురించన్నమాట! ఆ మాటే మా ఆవిడ దగ్గర ఒప్పేసుకున్నా.

"మరి తడి తువ్వాలు మంచం మీద పడేయడానికి ఏ పేటెంటుందండీ?" అంది.

ఇంకా వెతుకుతున్నాను.