బోధన్ ప్రాంతంలో 2015: చికిత్స ఎవరికి, మార్గదర్శనం ఎవరికి?

మనసు కుంగినప్పుడు థెరపీకి వెళ్లాలా, లైఫ్ కోచ్‌ను కలవాలా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఇది నగరాల ప్రశ్న అనీ, ఇటీవల పుట్టినదనీ అనుకుంటాం. పేర్లు కొత్తవే గాని ప్రశ్న పాతది. నిజామాబాదు జిల్లాలో 2015వ సంవత్సరం నాలుగు నెలల వ్యవధిలోనే దీనిని రెండు రూపాల్లో మన ముందుంచింది.

ముందుగా కొంత పూర్వరంగం. మంజీరా నదిపై నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ కాలువల నీటితో బోధన్, వర్ని ప్రాంతాలు చెరకు సీమ అయ్యాయి. కోస్తా జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్లను నేటికీ ‘క్యాంపు’లనే పిలుస్తారు. 1937లో నిజాం చక్కెర కర్మాగారం స్థాపితమైంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందిన ఆ ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది.

ఐదు వందల మంది లేదా అంతకు మించి కార్మికులున్న ప్రతి కర్మాగారంలోనూ సంక్షేమాధికారి ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం నిర్దేశించింది. పనికి రాని కార్మికుని పిలిచి కారణం అడగటం, అప్పుల సంగతి, తాగుడు సంగతి, ఇంట్లో తగాదా సంగతి వినటం, ఒక దారి చెప్పటం సాధారణంగా ఇటువంటి అధికారి వంతుకే వచ్చేవి. ఆయన వైద్యుడు కాడు. నేటి భాషలో చెప్పాలంటే ఒక విధమైన కోచ్. ఆయన కాకుంటే యూనియన్ నాయకుడు, ఇంటి పెద్దలు, మొక్కుబడికి బడాపహాడ్ దర్గా. మనసుకు వైద్యమంటే మాత్రం దూరప్రయాణమే. నిజాం పాలనలో పిచ్చాసుపత్రి జాల్నాలో ఉండేది. నిజామాబాదు వాసులకు అది మన్మాడు రైలుమార్గంలోని ఊరు. ఆ ఆసుపత్రి 1953లో హైదరాబాదు ఎర్రగడ్డకు తరలింది. ‘ఎర్రగడ్డ’ అన్న ఊరి పేరే తిట్టుగా మారిన భాష మనది. అక్కడికి వెళ్లవలసిన వారు వెళ్లకపోవటానికి ఆ ఒక్క మాట చాలు.

ఇక 2015. ఆ సెప్టెంబరులో కల్తీ కల్లుపై ప్రభుత్వం దాడులు ముమ్మరం చేసింది. క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు కలిపిన కల్లుకు ఏళ్ల తరబడి అలవాటు పడినవారికి అది ఒక్కసారిగా దొరకకుండా పోయింది. నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులు వణుకుతున్న చేతులతో, పొంతన లేని మాటలతో వచ్చినవారితో నిండాయి. కొందరికి మూర్ఛలు, కొందరికి లేనివి కనిపించటం, వినిపించటం. ఈ మందులు మెదడులోని ఉద్రేకాన్ని అణచివేస్తాయి. మెదడు ఆ అణచివేతకు సర్దుకొని, దానికి ఎదురుగా తన వేగాన్ని పెంచుకుంటుంది. మందు హఠాత్తుగా ఆగితే బ్రేకు లేని బండి అవుతుంది. అందువల్ల వైద్యుని పర్యవేక్షణలో తగిన మందు ఇచ్చి, మోతాదును మెల్లమెల్లగా తగ్గించాలి. ‘మనోబలం ఉంటే మానేయవచ్చు’ అని ఇటువంటి వారికి ఉపన్యసించటం ప్రమాదకరం; ఉన్నట్టుండి మానటమే ఇక్కడ ప్రాణాపాయం. మనోబలం మాట తర్వాతి దశది.

అదే ఏడాది డిసెంబరులో చక్కెర కర్మాగారం మూతపడింది. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు సంస్థకు వెళ్లి ‘నిజాం దక్కన్ షుగర్స్’ అయిన ఆ సంస్థ, బోధన్‌తో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లలోనూ లే-ఆఫ్ ప్రకటించింది. జీవితమంతా చెరకు రసం కాచి పంచదార చేసే పనిలో గడిపిన యాభై ఏళ్ల మనిషికి ఆ నైపుణ్యం మరెక్కడ పనికివస్తుంది? ఇది జబ్బు కాదు. దీనికి మాత్రలు రాయటం అవివేకం. అతనికి కావలసింది రావలసిన బకాయి, మరొక ఉపాధి, పిల్లల చదువుపై ఒక నిర్ణయం. ఆలోచనను క్రమంలో పెట్టి, తదుపరి అడుగు వేయించగల మార్గదర్శి ఇక్కడ నిజంగా ఉపయోగపడతాడు. (బకాయిని మాత్రం ఏ మార్గదర్శీ ఇప్పించలేడు, అది న్యాయానికి సంబంధించిన విషయం.)

అయితే అదే వరుసలో నిలబడిన మరొక కార్మికుడు తెల్లవారుజామున మూడింటికే మేల్కొని మళ్లీ నిద్రపోలేకపోతుంటే? అన్నం సయించక, మనవరాలు పిలిచినా పలకాలనిపించక, రెండు వారాలకు మించి అదే స్థితిలో ఉంటే? అది డిప్రెషన్ కావచ్చు. ‘ఉద్యోగం పోయింది కదా, బాధ సహజమే’ అని బంధువులు ఊరుకుంటారు. నా దృష్టిలో మన సమాజం చేసే పెద్ద పొరపాటు ఇదే. కాలుజారి పడటమే కారణమని తెలిసినంత మాత్రాన విరిగిన ఎముకకు కట్టు కట్టకుండా ఉంటామా? ఎవరి దగ్గరకు వెళ్లాలో చెప్పేది బాధకు గల కారణం కాదు, మనిషి ప్రస్తుత స్థితి.

కోచ్ అన్న మాటకూ ఒక చరిత్ర ఉంది. హంగరీలోని కోచ్ అనే గ్రామంలో తయారైన గుర్రపు బండి పేరు అది. పందొమ్మిదో శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు, పరీక్ష గట్టెక్కించే ఉపాధ్యాయునికి సరదాగా ఆ పేరు పెట్టారు. తర్వాత అది ఆటల్లోకి, అక్కడి నుండి జీవితంలోకి వచ్చింది. అమెరికాలో ఆర్థిక సలహాదారుగా ఉన్న థామస్ లెనార్డ్ 1992లో కోచ్ యూనివర్సిటీని, 1995లో అంతర్జాతీయ కోచ్ ఫెడరేషన్‌ను స్థాపించాడు. మన తెలుగులో ఈ గాలి ‘వ్యక్తిత్వ వికాసం’ అన్న పేరుతో వీచింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి అయిదు మెట్లు’, ఇంద్రజాలికునిగా పేరు పొందిన బి.వి. పట్టాభిరామ్ రచనలు, ఉపన్యాసాలు ఎందరో యువకులకు ధైర్యమిచ్చాయి. వాటిని చులకన చేయటం నాకు ఇష్టం లేదు. పుస్తకంతో, ప్రోత్సాహంతో లేచి నిలబడగలిగినవారు నిలబడ్డారు. లేవలేనివారు తమలోనే లోపముందని ఇంకా కుంగి ఉంటారు. చికిత్స అవసరమైన చోట ప్రోత్సాహం ఇస్తే జరిగే హాని అది.

అర్హతల తేడా కూడా తెలుసుకోవాలి. సైకియాట్రిస్టు వైద్యపట్టా ఉన్నవారు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మాటల ద్వారా చికిత్స చేస్తారు. వారికి 1992 చట్టంతో ఏర్పడిన పునరావాస మండలి నమోదు ఉండాలి. ఆ నమోదు సంఖ్యను అడగటానికి మొహమాటం అక్కరలేదు. లైఫ్ కోచ్ అన్న బోర్డు పెట్టుకోవటానికి మాత్రం మన చట్టం ఏ అర్హతనూ కోరదు. సర్టిఫికెట్లన్నీ ప్రైవేటు సంస్థలు ఇచ్చేవే. అందువల్ల కోచ్‌ను ఎంచుకునేవారు మొదటి రోజే ఒక ప్రశ్న వేయాలి: ‘మీ దగ్గరకు వచ్చిన మనిషి చనిపోవాలనిపిస్తోందని అంటే మీరేం చేస్తారు?’ వెంటనే డాక్టరు దగ్గరకు పంపుతానన్నవాడు మంచి కోచ్. ‘ఆ ఆలోచనను నేనే మారుస్తాను’ అన్నవాడి దగ్గర నుండి లేచి రావటం మేలు.

నిద్ర, ఆకలి, పని మూడూ సవ్యంగా ఉండి, తేలనిది నిర్ణయం ఒక్కటే అయితే కోచ్ చాలు. ఆ మూడింటిలో ఏది చెడినా ముందు వైద్యుడు. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి12 విటమిన్ లోపం కూడా నిస్పృహ వేషంలో రావచ్చు. మామూలు రక్తపరీక్షలతో అవి బయటపడతాయి. ఎర్రగడ్డ దాకా వెళ్లనవసరం లేదు, నిజామాబాదు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనే మానసిక వైద్యులను కలవవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలి-మానస్ సేవ 14416 నంబరులో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడుతుంది.